తువ్వాల కింద మూడో చెయ్యి

మొయినాబాద్ రోడ్డు మీద గజం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పలుకుతున్న రోజుల్లో, వెతుక్కుంటూ వచ్చిన కొనుగోలుదారుణ్ని వెనక్కి పంపిన వ్యాపారి చేవెళ్ల నుంచి చిల్కూరు దాకా ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనత నాదే. మా బజారులో ఇంత తీరిగ్గా, ఇంత తెలిసి తెలిసి నష్టపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వచ్చి నాతో పోటీ పడమనండి.

మాది చేవెళ్లలో కిరాణా కొట్టు. మా ఇంట్లో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వచ్చేది. నా పెళ్లిచూపుల్లో మా బాపు పిల్లను చూడకముందే, పళ్లెంలో పెట్టిన మిఠాయి కిలో ఎంతకు తెచ్చారని అడిగాడు. ఎక్కువ పెట్టి కొన్నారని తేల్చాకే నెమ్మదించి పిల్ల వైపు చూశాడు.

మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన మాకు ఉల్లిగడ్డల గోదాము ఒకటి ఉండేది. కంప్యూటర్ ఉద్యోగాల జీతాలు అజీజ్‌నగర్ దాకా పాకి ఫామ్‌హౌస్‌లయ్యాక, లోపలి ఉల్లిగడ్డల కన్నా కింది నేలే ముద్దొచ్చింది. మంచి ధర తగిలేదాకా ఖాళీగా ఎందుకని గోదామును కిరాయికిచ్చాను.

తీసుకున్నది నగరం నుంచి వచ్చిన ఒక శిల్పి. నలభై దాటిన ఆడమనిషి, గోళ్లనిండా మట్టి. దేవుడి విగ్రహాలు చేస్తుందనుకుని, చిల్కూరు గుడికి వచ్చే జనానికి అమ్మిపెడతానని కమిషన్ మాట్లాడబోయాను.

"దేవుళ్లు కాదు సేటూ, దొరలు" అంది.

"తెల్లదొరలా? గా బొమ్మలు ఎవలు కొంటరు మేడమ్?"

"అమ్మనీకి కాదు. మనతోని వాళ్లు బేరం ఎట్ల చేసిన్రో చూడనీకి."

బేరం అనే మాట వినపడ్డాక లేచి పోవడం నా వల్ల కాదు. కూర్చున్నాను. ఆమె గోడకు ఆనించిన ఫొటో చూపించింది. వాళ్ల తాత హైదరాబాద్ రెసిడెన్సీలో ఇంగ్లిష్ దొర దగ్గర గుమస్తా. పైన కోటు, కింద పంచె. "ఈయన ఎవరి దిక్కు మనిషో మా ఇంట్ల ఎవరూ చెప్పలే. పైన చూస్తే వాళ్ల మనిషి. కింద చూస్తే మన మనిషి" అంది.

నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన పశువుల అంగడిలో దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరు చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. ఎద్దును పెంచినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. అయినా తువ్వాల కింద ఏం నడుస్తున్నదో అతనికి తెలియదు. ఈ కథ నేను ఆమెకు ఊరికే చెప్పేశాను. నా జీవితంలో పైసా అడగకుండా ఇచ్చిన మొదటి సరుకు అదే.

ఆమె చేస్తున్న పని ఆపింది. "ఆ చేతులు ఎట్ల పట్టుకుంటరో చూపియ్యి."

చూపించాను. నా చేతికి తడిగుడ్డ కప్పి ఎంతసేపు గీసుకుందో. మట్టి ఆరకుండా కప్పడానికి గోనెసంచులు కావాలంటే, ఎలుకలు కాపురం చేసినవాటిని కొత్తవాటి ధరకే ఇచ్చాను. బేరమాడకుండా డబ్బు తీసిచ్చింది. నాకది అవమానంగా తోచింది.

ఎండలు ముదిరాక ఒక రోజు రమ్మని కబురు పెట్టింది. వెళ్లేసరికి సంచులు తీసి ఉన్నాయి.

గోదాము ఈ మూల నుంచి ఒక చెయ్యి, ఆ మూల నుంచి ఒక చెయ్యి. ఒక్కోటి తాటిమొద్దంత. ఒకదానికి కోటు అంచు, గుండీలు. ఇంకొకటి వట్టి చెయ్యి, నరాలు తేలి ఉంది. రెండూ కలిసే చోట నులకమంచం మీది దుప్పటంత తువ్వాల. అంతా మట్టే. అయినా గాలికి కదులుతుందేమోనని కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడు తీశానో తెలియదు, చెప్పులు గడప బయట ఉన్నాయి.

"లోపల చెయ్యి పెట్టు. మెల్లగ" అంది.

తువ్వాల అంచు కింద భుజం దాకా దూర్చాను. కంటికి కనిపించని ఆ చీకట్లో కూడా ఆమె వేళ్లన్నీ చేసింది. మనవాడి చెయ్యి నాలుగు వేళ్లు చాపింది. కోటు చెయ్యి అందులో మూడింటిని మడిచి లోపలికి నొక్కుతున్నది. ఆ నొక్కుడు నా చేతికి తెలిసింది. ఇంకా కిందికి పోతే, అనుకోనిది తగిలింది. మామూలు మనిషి చెయ్యంత చిన్నది, మూడో చెయ్యి. వెల్లకిలా పరిచి, పైనుంచి ఏది రాలితే దాన్ని పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది.

"ఇది ఎవలది మేడమ్?"

"మా తాతది. మీ తాతది కూడా అనుకుంటున్న."

దాని చిటికెన వేలు తడిమాను. వంకరగా ఉంది. చిన్నప్పుడు త్రాసు గొలుసులో ఇరుక్కుని వంగిపోయిన నా వేలు అది. నేను చెయ్యి బయటికి తీయలేదు.

సరిగ్గా ఆ వారమే మా పాత దళారి కాకా వచ్చాడు. ఒకప్పుడు ఎద్దులమ్మినవాడు, ఇప్పుడు జాగలమ్ముతున్నాడు. వెంట కారులో సాఫ్ట్‌వేర్ కుర్రాడు. నేను కలలో అనుకున్న ధర కన్నా పైనే చెప్పారు. ఒక్కటే షరతు: వారంలో గోదాము కూలగొట్టి నేల అప్పగించాలి.

ఆమెకు చెప్పాను. ఆమె బతిమాలలేదు. "దీనికి మూస, అంటే అచ్చు, తియ్యనీకి నెల పడ్తది. తడి మట్టి, కదిలిస్తే పగిలిపోతది. మళ్ల చెయ్యలేను. జాగ నీది, నీ ఇష్టం" అని సంచుల మీద నీళ్లు చల్లుతూ ఉండిపోయింది.

మరునాడు కాకా నా చేతి మీద తన తువ్వాల కప్పాడు. వేలు నొక్కాడు. ధర ఇంకో మెట్టు ఎక్కింది. నెల గడువు అడుగుదామని నేను వేళ్లు వెతుక్కున్నాను. తువ్వాల కింద పైసలకే వేళ్లున్నాయి, గడువుకు లేవు. చెయ్యి లాగేసుకున్నాను.

"నెల ఆగుమను కాకా."

"కారుల కూసున్న పిలగాడు నెలల రెండు జాగలు కొంటడు. గా మట్టి కోసమా నీ తిప్పలు?"

"మట్టి కోసమే."

"ఫికర్ చెయ్యకు బిడ్డా, దవాఖానకు నేను తోలుకపోత" అని తువ్వాల భుజాన వేసుకున్నాడు.

కారు ఇంకో జాగ కోసం జన్వాడ వైపు పోయింది. మూస దిగింది, లారీ ఎక్కింది. తర్వాత ఎక్కడో విదేశాల్లో బ్యాంకులు మునిగితే మా రోడ్డు మీద కార్లు పల్చబడ్డాయి. గోదామును చివరికి సగం ధరకు ఇచ్చుకున్నాను.

లెక్క చెబుతాను. పోయింది, చేవెళ్ల బజారులో రెండంతస్తుల ఇల్లు కొనేంత సొమ్ము. వచ్చింది, కిరాయి మొత్తం; ఆఖరి నెలది కూడా వదులుకోలేదు. ఎలుకల సంచుల మీద మిగిలినది కూడా తిరిగి ఇవ్వలేదు. ఆ చీకట్లో నా చేతికి తగిలినదాన్ని ఏ పద్దులో వేయాలో చాలాకాలం ఆలోచించాను. ధర తెలియని సరుకును మా కొట్టులో సున్నా కింద రాస్తారు. అలాగే రాశాను. నికరంగా నష్టం, ఇంచుమించు ఆ ఇంటి విలువంత.