ఆవిరి ఆపకుండా వేసిన క్లాంపు

ఘాజియాబాద్‌లో మా ఫ్యాక్టరీ ఆవిరి గొట్టానికి చిన్న చిల్లు పడింది. అక్కడ మెయింటెనెన్స్ చూసేది నేనే. మందం కొలిస్తే, చిల్లు చుట్టూ ఇనుము రేకులా పలచబడిపోయి ఉంది.

"చిల్లు మీద క్లాంపు పట్టీ బిగిస్తే ఆగదండీ. ఆవిరి ఆపి, ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాలి," అన్నాను.

"లైన్ ఆపేదే లేదు. క్లాంపు బిగిస్తే అయిపోతది, చల్తా హై," అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజర్. నేను వద్దంటుండగానే ఫిట్టర్‌ని నిచ్చెన ఎక్కించాడు.

బోల్టు బిగుస్తుండగా గొట్టం బాంబులా పేలింది. ఫిట్టర్ కిందపడ్డాడు. నేను పరిగెత్తి వాల్వు మూసి వచ్చేసరికి, అతను లాగుతున్న గ్లౌజుతో పాటే కుడిచేతి చర్మం ఊడివస్తోంది.

"భయ్యా, మేరా హాథ్!" అని గావుకేకలు పెడుతున్నాడు.

ఆ చేతిమీద నేను నీళ్లు పోస్తుంటే, వెనక నుంచి మేనేజర్, "లైన్ మళ్ల ఎప్పుడు స్టార్ట్ అయితది?" అన్నాడు.

లేచి అతని చెంప పగలగొట్టాను. మేనేజర్ కిందపడితే కాలరు పట్టి లేపి మళ్లీ కొట్టాను. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు.

నా ఉద్యోగం పోయింది. గొట్టం ముక్క మార్చడానికి ఒక్క పూట పట్టిందట. ఫిట్టర్ వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.