నాయనమ్మ కొన్న రెండు సెల్లుల టార్చి

మొన్న బందరు కోనేరు సెంటరులో టార్చిలైటు కొనడానికి వెళ్ళాను. సాయంత్రాలు నడవమన్నారు డాక్టరుగారు. నేనేమో ఎండ తగ్గాక బయల్దేరి, దారిలో ఎవరితోనో మాటల్లో పడి, చీకటిపడ్డాక ఇల్లు చేరే రకం. మా వీధిలో కంకర పరిచి రోడ్డు వెయ్యడం మర్చిపోయారు. కౌంటరులో ఉన్న అమ్మాయి నున్నటి నల్ల గొట్టం ఒకటి నా చేతిలో పెట్టి, "ఒకసారి నొక్కితే ఫుల్లండి తాతయ్యగారూ, రెండోసారి డిమ్మండి, మూడోసారి మిణుకుమిణుకుమంటుందండి, నాలుగోసారి..." అంటూ పాఠం మొదలుపెట్టింది.

"ఆర్పాలంటే ఎన్నిసార్లు నొక్కాలమ్మా?"

"అయిదుసార్లండి."

"ఇది ఆరేలోపు నేను ఇల్లు చేరిపోతాను గానీ, కాసిని నీళ్ళిప్పించు."

దాహమేసిందనుకుని పాపం సీసా అందించింది. నేను ఆ నీళ్ళతో కుడిచెయ్యి తడుపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, బల్లమీద తడుముకుంటూ టార్చి కోసం వెతికాను. అది నా చేతిలోంచి జారి, దొర్లి, పక్కనున్నాయన కాలిమీద పడింది. అమ్మాయి కంగారుపడి, కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టింది. నాకేమీ కాలేదని, టార్చి కొనే పద్ధతి అదేనని, అది నాకు మా నాయనమ్మ నేర్పిందని ఎంత చెప్పినా నమ్మలేదు.

మాది దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. నా చిన్నప్పుడు మా వీధికి కరెంటు లేదు. పొద్దుగూకగానే తడిసిన వరిచేల వాసన, కిరసనాయిలు వాసన, గేదెలకి దోమలు కుట్టకుండా వేసిన పిడకల పొగ కలిసి ఇంట్లోకి వచ్చి కూర్చునేవి. కాలవలో కప్పలు ఒక వరసన అరిచి, ఎవరో కసిరినట్టు ఒక్కసారి ఆగిపోయేవి. రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళే మా నాన్న దగ్గర రోకలంత టార్చిలైటు ఉండేది. అయిదు సెల్లులది. అది వేస్తే ఎదురుమొండి దీవిలో కోడిపుంజులు తెల్లవారిందనుకుని కూసేవి. సరే, ఎదురుమొండి దాకా వద్దు. మా వీధి చివర చింతచెట్టు దాకా వెళ్ళేది ఆ వెలుగు. కూసింది మా కోడే, అది దానికి తోచినప్పుడల్లా కూసేది.

నాన్న రోజూ తెల్లవారి ఇంటికి రాగానే టార్చి వెనక మూత తిప్పి, ఒక సెల్లు బయటికి తీసి, తలకిందులుగా తిరగేసి మళ్ళీ లోపల పెట్టేవాడు. పగలు ఎవరి చెయ్యి తగిలి మీట జరిగినా లైటు వెలిగి సెల్లులు వృథా కాకూడదని. మళ్ళీ సాయంత్రం సరిచేసుకునేవాడు. నీరసించిన సెల్లులు అరుగు చివర, వడియాల పక్కన ఎండేవి. ఎండలోనూ లేవనివి పిల్లలకు దక్కేవి. వెలుగు ఇందులో ఎక్కడ దాక్కుంటుందోనని నేను రాయి పెట్టి వాటిని చితక్కొట్టేవాణ్ణి. మసిలాంటి పొడి, మధ్యలో నల్లకడ్డీ తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ కడ్డీతో ఊళ్ళో గోడలన్నిటిమీదా నా పేరు రాశాను. అంటే మా గోడమీదా, పక్కింటి గోడమీదా. పక్కింటిది నాతోనే తుడిపించారు.

నాయనమ్మకు నాటకాలంటే ప్రాణం. దసరా వస్తే మిగతా ఇళ్ళల్లో గారెలూ పులిహోరా చక్రపొంగలీ ఎప్పుడని ఆలోచిస్తే, మా ఇంట్లో ఆవిడ మైలున్నర దూరంలో ఉన్న పక్కూరి పందిట్లో ఏ రోజు ఏ నాటకమోనని వాకబు చేసేది. పద్యం ఎత్తుకున్నవాడు రాగం ఎక్కడ తెంపాడో మర్నాడు పప్పు రుబ్బుతూ అప్పజెప్పేది. కాలవగట్టు మీద నడక. వానాకాలం, కట్లపాములు తిరిగే వేళ. నాన్నకి కుదరదు కాబట్టి లాంతరు పట్టుకుని తోడు వెళ్ళే ఉద్యోగం నాది, జీతం పందిరి దగ్గర అమ్మే ఒక పొట్లం పిడతకింద పప్పు. నేను పప్పు తిని, రాజు వేషం రాకముందే నిద్రపోయేవాణ్ణి. తిరుగుదారిలో లాంతరు ఆవిడ చేతిలో, నేను ఆవిడ భుజంమీద.

"నీకు నేను తోడా, నాకు నువ్వు తోడా?" అని ఒక ఏడు ఆవిడ తేల్చేసింది. తనకే ఒక టార్చి ఉంటే ఎవరూ అక్కర్లేదంది. నాన్న తన టార్చి చేతికిచ్చి వెయ్యమన్నాడు. చిన్నప్పుడెప్పుడో రోకటిపోటు తగిలి నాయనమ్మ కుడిచేతి బొటనవేలు వంగదు. ఆ మీట జరగలేదు.

"చూశావా అమ్మా?" అన్నాడు నాన్న. "సరే, నీకు చేతనైన టార్చి నువ్వే కొనుక్కో. కానీ గట్టుమీద ఒక్కసారి దిక్కుతోచక నిలబడి ఎవరినన్నా కేకేశావంటే, మళ్ళీ జన్మలో నాటకాల మాట ఎత్తకూడదు."

"ఎత్తనులే" అంది నాయనమ్మ.

ఆ వారమే చల్లపల్లి మీదుగా బస్సులో బందరు వెళ్ళాం. కొట్టు షావుకారు టార్చిలన్నీ వరసగా నిలబెట్టాడు. నాయనమ్మ చెంబుతో నీళ్ళడిగి, చెయ్యి ముంచి, కళ్ళు మూసుకుని ఒక్కోటీ ఎత్తడం మొదలుపెట్టింది.

"ఏంటి పిన్నిగారూ, టార్చిలకి తలంటు పోస్తారా?"

"వానలో నడిచేదానికి పొడిచెయ్యి ఎక్కణ్ణించొస్తుంది నాయనా?"

"మరి కళ్ళు మూసుకోవడం దేనికండీ?"

"చీకట్లో కళ్ళు తెరిస్తే మాత్రం నీకేం కనపడుద్ది?"

నున్నటిది చేతిలోంచి జారిందని పక్కన పెట్టింది. గుండ్రటిది బల్లమీద దొర్లిందని, గట్టున పెడితే కాలవలోకి పోతుందని పక్కన పెట్టింది. నేను మూడు సెల్లులది, మీట తోస్తే ఎర్రగాజు అడ్డం వచ్చేది చూపించి చీరకొంగు పట్టుకుని లాగాను. "ఎర్రలైటు ఊపడానికి నేనేమన్నా రైలు గార్డునా?" అంది. చివరికి ఒంటినిండా గీతలున్న రెండు సెల్లులది, తల ఎనిమిది పలకలుగా ఉండి కిందపెడితే కదలనిది, మీట వెడల్పుగా ఉండి ఎడమచేతి వేలికి కూడా లొంగేది నచ్చింది. అంతటితో కూడా వదల్లేదు. కళ్ళు మూసుకునే వెనక మూత విప్పి, సెల్లులు ఒళ్ళో వేసుకుని, మళ్ళీ పేర్చి బిగించింది, మూడుసార్లు. షావుకారు చేతులు జోడించాడు. నాకు హల్వా కొనిపెట్టింది గానీ సగం తిని మిగతాది ఆవిడ చేతిలోనే పెట్టేశాను. ఆ టార్చి నా ఉద్యోగం ఊడగొట్టిందని బస్సెక్కేముందే అర్థమైంది.

దసరాల్లో మూడోరోజు సాయంత్రం నాటకానికి బయల్దేరబోతూ నాయనమ్మ టార్చి గూట్లో పెట్టి తల దువ్వుకుంటోంది. నేను వెనక మూత తిప్పి ఒక సెల్లు తిరగేశాను. పెద్ద కుట్రేమీ కాదు. వాకిట్లో మీట తోస్తుంది, వెలగదు, "ఒరే అబ్బాయ్, లాంతరు తే" అంటుంది, పప్పు నాదే. అంతవరకే ఆలోచించాను. కానీ ఇంకా మసకవెలుతురుంది. ఆవిడ టార్చి చంకన పెట్టుకుని, మీట జోలికి పోకుండానే సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

చూస్తుండగానే చీకటి పడిపోయింది. ఇప్పుడామె గట్టుమీద ఉంటుంది. నాన్నతో చెబితే నా వీపు విమానం మోత, అది పోనీ, ఆవిడ నాటకాలు ఆ రాత్రితో సరి. చెప్పకపోతే కట్లపాములు. అప్పుడు నేను సింహంలా చీకట్లోకి దూకానని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఏడుస్తూ పరిగెత్తాను. లాంతరు కూడా మర్చిపోయాను.

తూము దాటాక తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయాను. ముందెక్కడో చీర కుచ్చెళ్ళు సర్దుకుని మనిషి కింద కూర్చున్న చప్పుడైంది. మీట టకటకమంది, వెలుగు లేదు. ఇప్పుడు కేకేస్తుంది, నాన్నకి వినపడుతుంది, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ కేకెయ్యలేదు. మూత తిరుగుతున్న కిరకిర వినిపించింది. సెల్లులు ఒకదానికొకటి తగిలాయి. చాలాసేపు ఏమీ లేదు. ఒక్కో సెల్లు బొడిపె ఎటుందో వేలితో తడుముతున్నట్టుంది. మళ్ళీ కిరకిర. వెలుగొచ్చింది. ముందు తన పాదాల చుట్టూ వేసుకుంది, తర్వాత గట్టుకి అటూ ఇటూ, తర్వాత తిన్నగా నా మొహంమీద.

"సెల్లు తిరగేసింది ఎవర్రా?"

"నాన్నేమో" అన్నాను.

"వాడు తన టార్చి తప్ప ఇంకోటి ముట్టుకోడు."

"పాము... పాము కనపడింది నాయనమ్మా, నిన్ను కాపాడదామని..."

"లాంతరు లేకుండా వచ్చి పాముని చూశావా? నీ కళ్ళు పాడుగానూ! నడు ముందు."

నాటకం వైపు అనుకున్నాను. కాదు, ఇంటివైపు. వెనకనుంచి నా అడుగుల ముందు వెలుగు వేస్తూ మొదటి ఇంటి దీపం కనపడేదాకా దిగబెట్టి, తనొక్కతే తిరిగి వెళ్ళింది. అవతల పందిట్లో హార్మోనియం అప్పటికే మొదలైంది.

ఎక్కడికెళ్ళావని నాన్న అడిగితే, నాయనమ్మని పందిరి దాకా దిగబెట్టి, చీకట్లో ఒక్కణ్ణే తిరిగొచ్చానన్నాను. నాన్న మొహం వెలిగిపోయింది. పొద్దున్నే ఆవిణ్ణి అడిగాడు, "ఎట్టా జరిగిందమ్మా?"

"ఏముంది, టార్చి బానే పనిచేసింది."

"వీడు దిగబెట్టాడంటగా?"

నాయనమ్మ నావైపు చూసింది. నేను గచ్చువైపు చూశాను. "ఆ, తోడు వచ్చాడు" అంది. ఆ సాయంత్రం టార్చి విప్పి, సెల్లులు రెండూ నా అరచేతిలో పోసింది. "నువ్వే వేసిపెట్టు నాయనా, నీకు బాగా తెలుసుగా." ఆ ఏడనే కాదు, నేను గుడివాడ కాలేజీకి వెళ్ళేదాకా నాటకం ఉన్న ప్రతి సాయంత్రమూ ఆ పని నాదే. వేసిచ్చిన టార్చిని ఒక్కసారి కూడా వెలిగించి చూసుకోకుండా చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది.

ఇప్పుడా గట్టు పక్కనంతా రొయ్యల చెరువులు, తెల్లవార్లూ దీపాలు. పాము మనిషికి కనపడుతుంది, మనిషి పాముకి కనపడతాడు. పందిట్లో నాటకాలు లేవు. టార్చికి ఫోనుకి పెట్టినట్టు ఛార్జింగు పెడుతున్నారు, తిరగెయ్యడానికి అందులో సెల్లే కనపడదు.

చీకట్లో నాయనమ్మకు దారి చూపించిన పిల్లాడి కథ మాత్రం ఇంకా నడుస్తోంది. అందులో లేని పామును చేర్చింది నేనే, ఒక ఏడు రెండు పాములు కూడా చేశాను. పోయిన నెల మనవరాలు దాన్ని తన పిల్లలకి చెబుతుంటే ఉండబట్టలేక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అందరూ నవ్వారు. "ఊరుకో తాతయ్యా, నువ్వు అట్టా చేసుంటావా? మాకు తెలీదా!" అంది మనవరాలు. నా మాట నిజమని సాక్ష్యం చెప్పగలిగింది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ ఉన్నా, "ఆ, తోడు వచ్చాడు" అనే అనేది.