వయసు వెతుక్కుంటూ భైంసాకు

రిటైరైన మూడో వారానికే మా ఇంటామె నన్ను కాలుగాలిన పిల్లి అనడం మొదలుపెట్టింది. అందులో తప్పేమీ లేదు. కరీంనగర్‌లో మా ఇల్లు హైస్కూలుకు రెండు గల్లీల అవతల. తొమ్మిదిన్నరకు కొట్టే గంట మా వంటింటి దాకా వినబడుతుంది. ముప్పై ఐదేళ్లు ఇంగ్లీషు చెప్పిన కాళ్లు ఇవి, గంట వినగానే కుర్చీలోంచి లేస్తాయి. లేచాక ఎటు పోవాలో తెలియక చెప్పులు వేసుకుని బజారు దాకా వెళ్లి, కొనేది ఏమీ లేక తిరిగి వస్తాను. అలా ఒక రోజు మూడుసార్లు వెళ్లాను.

అప్పుడే రంగారావు ఉత్తరం వచ్చింది. నాతో పదేళ్లు అదే బడిలో లెక్కలు చెప్పినవాడు, ఇప్పుడు ఇథియోపియాలో పనిచేస్తున్నాడు. మన పాతవాళ్లు హబ్షీ దేశం అంటారే, అదే. అక్కడ కొండల మీద చలి ఉంటుందనీ, పుల్లటి దోసె లాంటి రొట్టె తింటారనీ, మాస్టరు గదిలోకి వస్తే పిల్లలు లేచి తలవంచి నిలబడతారనీ రాశాడు. ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఇంకా కావాలట. ఉత్తరంతో పాటు ఒక దరఖాస్తు ఫారం కూడా పంపాడు. ఒక్కటే చిక్కు. యాభై దాటినవాళ్లు దరఖాస్తు పెట్టుకోకూడదు. నా సర్వీసు బుక్కులో పుట్టిన సంవత్సరం 1913 అని ఉంది. అంటే యాభై ఐదు.

దానికి కూడా ఉపాయం వాడే రాశాడు. "నిజాం జమానాలో మన పుట్టిన తేదీలు ఇంగ్లీషు లెక్కలో రాయలేదు కదా. స్టేటు పోయాక గుమాస్తాలు వాటిని మార్చి రాసినప్పుడు ఎందరివో తప్పు పడ్డాయి. నీది కూడా ఒకసారి చూసుకో" అన్నాడు. ఆ రాత్రి నుంచి నా మనసు మనసులో లేదు. తప్పు పడే ఉంటుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఎందుకు కుదిరిందంటే, కుదరాలని నేను కోరుకున్నాను కాబట్టి.

నేను మొదట చేరిన బడి భైంసాలో ఉంది. మా బాపు అక్కడ పత్తి మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. ఆ బడి రిజిస్టరు నకలు తెస్తే చాలు. ఇంటామెకు సంగతి చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"వయసు భైంసాల పారేసుకున్నవా, అక్కడ పోయి దేవులాడేటందుకు?"

మరునాడు పొద్దున ఆరు గంటలకు బస్సెక్కాను. సంచిలో ఒక జత బట్టలు, దుప్పటి, ఒక లావుపాటి కవరు. కవరులో దరఖాస్తు ఫారం, ముప్పై ఐదేళ్ల సర్వీసు సర్టిఫికెట్టు. ఫారంలో అన్నీ నింపాను, రెండు గళ్లు తప్ప. ఒకటి వయసు. రెండోది, పరాయి దేశంలో ఎందుకు పనిచేయాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయమన్నది. దానికి నాలుగు చిత్తు కాగితాలు పాడుచేసి వదిలేశాను. 'సేవ' అని రాస్తే అబద్ధం, 'జీతం' అని రాస్తే సగం అబద్ధం.

ఎనిమిదింటికి జగిత్యాల. బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది, ఉప్మా, చాయ్ దొరుకుతాయి. ఉప్మా కంటే చాయ్ నయం. మెట్‌పల్లిలో ఖద్దరు మూటలు టాపు మీదికెక్కాయి, వాటిని కట్టేసరికి ముప్పావు గంట పట్టింది. నేను రెండుసార్లు దిగి డ్రైవరును తొందరపెట్టాను. అతను బీడీ ముట్టించుకుంటూ, జర సబర్ చెయ్యి సార్, భైంసా ఏడికీ పోదు అన్నాడు. ఆర్మూర్ దాటేసరికి పన్నెండు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే అందరూ కిటికీల్లోంచి పైసలు విసిరారు. నేను కూడా విసిరి, అడగవలసింది అడిగాను.

నిర్మల్‌లో ఒంటి గంటకు దిగి, బస్సు స్టాండు ఎదుటి హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. నా వెనక భైంసాకు పోదలచినవాళ్లు ఇక్కడే తినడం మంచిది. ముందుకు పోయిన కొద్దీ ఆలస్యమే తప్ప అన్నం కనబడదు. మూడున్నరకు భైంసా చేరాను. నల్లరేగడి, పత్తి బండ్లు, గాలి నిండా దూది. గంటసేపట్లో నా కనుబొమ్మలు తెల్లబడ్డాయి. వయసు తగ్గించుకుందామని వచ్చినవాడికి అది మంచి శకునం కాదు.

బడి మూసే వేళయింది, రేపు పదింటికి రమ్మన్నారు. జిన్నింగు మిల్లు ఎదుట ముసాఫిర్‌ఖానాలో మంచం దొరికింది. పక్క మంచం మీద నాందేడ్ నుంచి వచ్చిన పత్తి దళారీ ఒకాయన పత్తి ధర గురించి మాట్లాడుతూనే నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. కొండల మీది బడి ఒకటి కళ్లకు కట్టింది. అందులో పిల్లలు నిలబడి ఉన్నారు, నల్లబల్ల మీద నా రాత ఉంది.

పొద్దున పదింటికి ముందే బడి అరుగు మీద కూర్చున్నాను. రికార్డులు చూసే ఖాజా మియా ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ చదవగలడు. అందుకే ఆ బీరువా తాళం ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గరే ఉంది. దుమ్ము దులిపి, చెదలు తిన్న అట్టల రిజిస్టరు తీశాడు. మా కాలపు మౌల్వీ సాబు చేతిరాత. ఉర్దూలో నా పేరు, మా బాపు పేరు ఉన్నాయి. పక్కన 'పుట్టిన సన్ 1331' అని ఉంది. సన్ అంటే సంవత్సరం, అది ఏ లెక్కదో లేదు. నెల కూడా లేదు.

చదివేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిజాం సర్కారు దఫ్తర్లలో ఫస్లీ లెక్క నడిచేది. మసీదుల్లో, మౌల్వీల ఇళ్లలో హిజ్రీ లెక్క. అంకె ఒకటే అయినా రెంటికీ తొమ్మిదేళ్ల తేడా వస్తుంది. 1331 హిజ్రీ అయితే 1913. అదే ఫస్లీ అయితే 1922. నాకు యాభై ఐదు కాదు, నలభై ఆరు.

ఖాజా మియా కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు.

"సార్, గిది ఫస్లీనా, హిజ్రీనా? మౌల్వీ సాబ్ ఏదీ రాయలే."

మౌల్వీ సాబు ఉత్తరాలన్నీ హిజ్రీలోనే రాసేవాడని నాకు తెలుసు. ఆయన ఒళ్లో కూర్చుని ఉర్దూ తొలి అక్షరం అలిఫ్ దిద్దినవాణ్ణి, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? అయినా నోరు దానంతటదే మాట్లాడింది.

"బడి రిజిస్టరు గదా ఖాజా సాబ్. ఫస్లీయే ఉంటది."

ఆయన ఒక క్షణం నా వైపు చూశాడు. "మీరు గిక్కడ సదివినోళ్లు. మీరే ఫస్లీ అంటే నేనెట్ల కాదంట?" అని నకలు రాశాడు. హెడ్ మాస్టరు దస్తఖత్, బడి ముద్ర పడ్డాయి. పదకొండున్నరకు బయటపడ్డాను. ఆనందం ఆపుకోలేక బస్సు స్టాండులో నిలబడే ఫారం తీసి, వయసు గడిలో నలభై ఆరు అని రాశాను. నా చేతిరాత అంత గుండ్రంగా చాలా రోజుల తర్వాత వచ్చింది.

పన్నెండింటికి కరీంనగర్ పోయే బస్సు నేరుగా దొరికింది. నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. పేరు గంగుబాయి, పత్తి చేను మనిషి, ఆర్మూర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది. మాటలో సగం మరాఠీ విరుపు, ఒళ్లో శనగల మూట. నిర్మల్ దాటేలోపు శనగలన్నీ ఇద్దరం కలిసి తిన్నాం. నేనేమో ఆగలేక సముద్రం దాటి పోయే ఉద్యోగం సంగతంతా చెప్పేశాను. ఆమె అంతా విని నా జుట్టు వైపు, కనుబొమ్మల మీది దూది వైపు చూసింది.

"నీకెన్నేండ్లు ఉంటయి సారూ?"

"నలభై ఆరు అక్కా."

"మా తమ్మునిదీ గదే ఈడు," అంది అనుమానంగా. మళ్లీ నొచ్చుకుంటానేమో అనుకుని, సదువుకున్నోళ్లకు తల జల్ది తెల్లబడుతుందని తానే సర్దింది. ఎన్నేండ్ల నుంచి బడి చెబుతున్నావని అడిగింది. ముప్పై ఐదేళ్లని గర్వంగా చెప్పాను. అది అబద్ధం కాదు, కాగితం ఉంది.

ఆమె బొటనవేలితో తక్కిన వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ చేయి అయ్యాక రెండో చేయి. పెదవులు కదులుతున్నాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"గట్లయితే పదకొండేండ్లకే సారువైనవా నువ్వు?"

వెక్కిరింత కాదు. ఆమె కళ్లల్లో నిజంగా భక్తి ఉంది. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఒకే కవరులో రెండు కాగితాలు పక్కపక్కనే పెట్టుకుని, ఒక్కసారి కూడా ఆ తీసివేత చేయలేదు నేను. లెక్కలు నా సబ్జెక్టు కాదని సమర్థించుకోవచ్చు. కానీ వేలిముద్ర వేసే మనిషి రెండు చేతుల మీద చేసిన లెక్క అది. హబ్షీ దేశంలో గుమాస్తాలకు వేళ్లుండవా? ఆ మాట అటుంచి, అసలు నాకే తెలియదా? సోన్ వంతెన మీద అందరూ మళ్లీ పైసలు విసిరారు. నా చేయి జేబులోకి పోలేదు.

మూడింటికి ఆర్మూర్. గంగుబాయి దిగింది. చంకన ఆడపిల్లతో ఆమె బిడ్డ ఎదురొచ్చింది. బస్సు ఇంకా కదలలేదు, నా కిటికీ కిందే నిలబడి మాట్లాడుకుంటున్నారు. గంగుబాయి నా వైపు చేయి చూపించింది.

"గీ సారు పదకొండేండ్లకే బడి చెప్పిండట. నీ పోరిని గూడ బడికి తోలు, ఇంటికాడ కూసోబెట్టకు."

ఆ తల్లి నా వైపు తల ఎత్తి చూసింది. ఆ చిన్నపిల్ల కూడా చూసింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నా అబద్ధం అప్పుడే నా చేతిలోంచి జారి, ఒక పిల్ల చదువుకు సాక్ష్యంగా నిలబడింది. మంచికే కదా, ఊరుకుంటే పోలేదా అని ఒక మనసు. ఇంజను మోగింది. నేను కిటికీలోంచి తల బయట పెట్టాను.

"అది తప్పు అక్కా. నాకు యాభై ఐదేండ్లు. పోరిని మాత్రం బడికి తోలుండ్రి."

గంగుబాయి బిత్తరపోలేదు, కోపగించుకోలేదు. కదులుతున్న బస్సు వెంట నాలుగడుగులు వేసి అడిగింది.

"మరి గింత దూరం ఎందుకొచ్చినవ్ సారూ?"

జవాబు చెప్పేలోపు బస్సు మలుపు తిరిగింది. మెట్‌పల్లి, కోరుట్ల దాటే దాకా ఆ ప్రశ్న పక్క సీటులో కూర్చునే ఉంది. ఆ సీట్లో తర్వాత కూర్చున్న పొగాకు వ్యాపారి రెండుసార్లు పలకరించాడు. ఎందుకొచ్చాను? జీతం కోసం కాదు, పింఛను సరిపోతుంది. సముద్రం చూడాలనీ లేదు. నాకు హబ్షీ దేశమే కావాలని కూడా లేదేమో. వయసు తక్కువున్న కాగితం ఒకటి ఉంటే, నన్ను ఇంకా ఎవరో పిలుస్తారనే ఆశ. అది తోచగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కనుబొమ్మల దూది అని పొగాకు వ్యాపారికి చెప్పాను.

ఆరింటికి బస్సు జగిత్యాలలో ఆగింది. ఇరవై నిమిషాలు. చాయ్ హోటలు బల్ల మీద ఫారం పరిచాను. భైంసా నకలును మడిచి సంచి అడుగున పెట్టాను, మౌల్వీ సాబు రాసిన నా పేరు అందులో ఉంది కాబట్టి. ఫారంలో నలభై ఆరును అడ్డంగా కొట్టేసి పక్కన యాభై ఐదు రాశాను. పరీక్ష కాగితంలో ఇలాంటి కొట్టివేత కనబడితే నేను అరమార్కు కోసేవాణ్ణి. యాభై దాటినవాళ్లు వద్దన్నారని తెలుసు. ఈ ఫారానికి జవాబు రాదనీ తెలుసు.

ఖాళీగా ఉన్న రెండో గడి మిగిలింది. గంగుబాయి అడిగిందీ, వాళ్లు అడిగిందీ ఒకటే. అందులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను. తొమ్మిదిన్నరకు గంట కొడతారు, నేను ఇంకా లేచి నిలబడుతున్నాను అని. అలవాటు కొద్దీ క్రియ సరిగా ఉందా, కాలం సరిగా ఉందా అని రెండుసార్లు చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు.

కవరు అంటించి స్టాండు పక్కనున్న పోస్టు డబ్బాలో వేశాను. అది అడుగున పడిన చప్పుడు వినబడింది. వెనక డ్రైవరు హారను కొట్టాడు, నేను పరుగున వచ్చి బస్సెక్కాను.