కిడ్నీ పరీక్షకు చదువుకొని వెళ్లాను

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగుతాడంటారు. ఉప్పు తినకుండానే మూడు చెరువుల నీళ్లు తాగి, బామ్మర్ది చేత కూడా తాగించినవాణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడే నీటిపారుదల శాఖలో రిటైరై మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఎన్ని మాత్రలు మింగినా నా బీపీ దిగనంటోంది. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది.

"రెనిన్ అని, కిడ్నీల నుంచి వచ్చే హార్మోన్, పెద్దాయనా. అదెంతున్నదో చూద్దాం. పరీక్ష దాకా ఉప్పు మామూలుగనే తినుండ్రి."

బీపీ మనిషిని ఉప్పు తినమనే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా? తొందరలో నోరు జారిందనుకున్నాను. పైగా పరీక్షంటే పరీక్షే కదా! పుస్తకం ముట్టకుండా హాలుకు వెళ్లే రకం కాదు నేను. "ప్రిపరేషన్ మొదలు" అని డైరీలో రాసుకొని, ఉప్పు బంద్ పెట్టాను.

"గిదేంది రవి నాయినా, పప్పుల ఉప్పెయ్యొద్దంటవ్? డాక్టరమ్మ తినుమన్నది గద?" అంది మా ఆవిడ.

"నీకు తెల్వదు తియ్. మార్కులు మంచిగ రావాలె."

ఆ పప్పు తింటుంటే తడి సిమెంటు మింగినట్టుండేది. మామిడికాయ తొక్కు జాడీని పరాయివాళ్ల ఆస్తిలా దూరం నుంచే చూసేవాణ్ణి.

రిపోర్టు వచ్చింది. రెనిన్ కొండెక్కి కూర్చుంది!

డాక్టరమ్మ నొసలు ముడిచింది. "కిడ్నీకి పోయే రక్తనాళం సన్నబడ్డదేమో. పట్నంల స్కానింగ్ తీయించాలె."

అంత తక్కువ తింటే ఇంత ఎక్కువ ఎలా వచ్చింది? మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. సాయంత్రానికల్లా లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బామ్మర్ది నర్సింలు స్కూటర్ మీద ఊడిపడ్డాడు.

"బావా, పరేషాన్ గాకు. నాకు రెండున్నయ్. ఒకటి నీదే."

"ఇంకా స్కానింగే కాలేదురా!"

"అక్క మొఖం జూడు, ఎట్లయిందో. జల్దీ తీస్కో!"

మర్నాడు ముగ్గురం వెళ్లాం. నర్సింలు చొక్కా ఎత్తి నడుము చూపిస్తుంటే డాక్టరమ్మ బిత్తరపోయింది. అంతలో ఏదో అనుమానం వచ్చినట్టు నావైపు తిరిగింది.

"పెద్దాయనా, పరీక్షకు ముందు ఉప్పు తిన్నరా?"

"చిటికెడు గూడ ముట్టలేదమ్మా!" అన్నాను, ఛాతీ విరుచుకొని.

ఆమె తల పట్టుకుంది. "చెరువులకాడ పని చేసినోళ్లు మీరు. శామీర్‌పేట చెరువుల నీళ్లు తగ్గితే ఏం జేస్తరు?"

"తూము బిగిస్తం."

"మీ కిడ్నీ గదే జేసింది. ఉప్పు వస్తలేదని రెనిన్ వదిలింది. ఉన్న ఉప్పు బయటికి పోకుండ, బీపీ పడిపోకుండ కాపాడెతందుకు. కరువు పెట్టింది మీరే! మంచిగ తిని మల్ల పరీక్ష చేయించుండ్రి."

తిన్నాను. రెనిన్ బుద్ధిగా దిగింది. ఆ రిపోర్టుతో ముగ్గురం మళ్లీ వెళ్లాం. "స్కానింగ్ అక్కెర లేదు. ఇగ ఇప్పుడు బీపీకి ఉప్పు తగ్గించుండ్రి" అంది డాక్టరమ్మ. తినమన్నప్పుడు మానేశాను, తినడం మొదలుపెట్టాక మానమంటోంది. నాకు మళ్లీ అయోమయం.

"నీకంటె నీ కిడ్నీ నయం, ఉన్నదున్నట్టు చెప్పింది" అంది మా ఆవిడ.

నర్సింలు నడుము తడుముకున్నాడు. "అయితే బావా, నాది నాకేనా?"

ఇంటికొచ్చి ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఒంట్లో ప్రాణముండగా ఏ రక్తపరీక్షకూ చదువుకొని వెళ్లను గాక వెళ్లను. ప్రమాణం ముగియగానే మా ఆవిడ నా చేతి కింద నుంచి ఆ డబ్బాను లాక్కొని అటకెక్కించింది.