గురువారం ముద్ర

మా పెద్దమ్మకు కాగితాల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదని అమ్మ దెప్పుతుండేది. అది పూర్తిగా నిజం కాదు. మనుషులంటే ప్రేమే, వాళ్ల మాట మీదే నమ్మకం లేదు. నేతమిల్లు కార్మికుల గృహనిర్మాణ సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసింది. నూట నలభై ఇళ్లు. ఏ ఇల్లు ఎవరిది, వాళ్ల తర్వాత ఎవరికి చెందాలి అన్నదంతా ఆవిడ బీరువాలో ఉండేది. ఎవరైనా వచ్చి "నిన్ననే ఇచ్చాను మేడం" అంటే, "మీ నోటికి ముద్ర ఉందా బాబూ? కాగితానికైతే ఉంటుంది, చూపించండి" అనేది. వెనకాల అందరూ ఆవిడను ముద్ర మేడం అనేవాళ్లు. ఎదురుగా అన్నా పట్టించుకునేది కాదు లెండి.

మహమ్మారి వచ్చి ఆఫీసులు మూసిన వారంలోనే సంఘం రికార్డంతా మా ఇంటికి చేరింది. మిల్లు ఆవరణలోకి ఇక ఎవరినీ రానివ్వరు, ఇంటి నుంచే నడపండి అని అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అద్దె వ్యానులోంచి పదకొండు మూటలు దిగాయి. నేను అప్పటికి పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. నా బీమా కంపెనీ ఉద్యోగం కూడా ఇంటికే వచ్చిపడింది. రెండు గదుల్లో రెండు ఆఫీసులు, మధ్యలో పొయ్యి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆవిడకు మాత్రం ఒక్క పూట చాలింది. ఎడమ గోడకున్న ఇనుప ర్యాకు సంఘానిది, కుడి వైపు ట్రంకుపెట్టె ఇంటిది, నా కంపెనీ కాగితాలకు మంచం కింద అట్టపెట్టె. ఒకదానివి ఇంకోదాంట్లో పడకూడదు. ప్రతి కట్ట మీదా లోపలేముందో పెన్సిల్‌తో రాసిన చీటీ అంటించింది. ముఖ్యమైనవాటికి ఫోటోలు తీయించి నా ఫోన్లో, అమ్మ ఫోన్లో పెట్టించింది. తలుపు వెనక కొక్కేనికి ఒక గుడ్డసంచి తగిలించి, అందులో మా ఇద్దరి గుర్తింపు కార్డులు, వాడే మందుల చీటీలు, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబర్లు వేసింది. "ఊపిరాడనప్పుడు ట్రంకు తెరిచి వెతుక్కుంటూ కూచోలేం కదే" అంది. నవ్వాను. ఆ నెలలో మా వీధిలో ఇద్దరిని అంబులెన్సు ఎక్కించాక నవ్వడం మానేశాను. ఒకసారి నా కంపెనీ ఉత్తరం సంఘం కట్టలో దొరికితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మహాతల్లి.

ఇంత సర్దిన మనిషి గుమ్మం దగ్గర పెట్టిన చెక్కపెట్టె దగ్గర తప్పటడుగు వేసింది. కాగితాల మీద కూడా జబ్బు ఉంటుందని అప్పట్లో అందరికీ భయం. సభ్యులు తెచ్చిన కాగితాలు ఆ పెట్టెలో వెయ్యాలి. మూడు రోజులు వాటిని ఎవరూ తాకకూడదు. నాలుగో రోజు చేతికి తొడుగులేసుకుని తీసి, ఇస్త్రీపెట్టెతో ఒకసారి రుద్ది, అప్పుడు ముద్ర కొట్టి, వచ్చిన కాగితాల రిజిస్టర్లో సిరాతో ఎక్కించాలి. ఈ పద్ధతి ఆవిడే పెట్టింది. అధ్యక్షుడు మెచ్చుకుని సభ్యులందరికీ మెసేజ్ పంపాడు. ముద్రలో ఏ తేదీ ఉండాలని ఎవరికీ అనుమానం రాలేదు. తన చేతికొచ్చిన రోజే వచ్చినట్టు అన్నది ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు.

ఒక సోమవారం పొద్దున మగ్గాల మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. గేటు బయటే నిలబడి మాస్కు సర్దుకుంటూ, "నామినీ మార్పు కాగితం మేడం. పెళ్లికి ముందు మా అన్న పేరు రాశాను. ఇప్పుడు మా ఆవిడ పేరు రాసి తెచ్చాను" అన్నాడు. అన్నదమ్ములకు పదేళ్లుగా మాటల్లేవని సంఘంలో అందరికీ తెలుసు.

"పెట్టెలో వెయ్యి నాయనా."

"ఒక్క ముద్ర కొట్టి ఇస్తారా? మనసు కుదుటపడుతుంది."

"మూడు రోజులు ఆగాలి. గురువారం నేనే ఫోన్ చేసి నంబరు చెబుతాను."

అతను వాదించలేదు. కాగితం వేసి, గేటు గడియ పెట్టి, మెట్లు దిగాక గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఎండ కాబోలనుకున్నాను.

గురువారం పెద్దమ్మ పెట్టె తెరిచింది. నాలుగు కాగితాలున్నాయి. ఇస్త్రీ చేసి, నాలుగింటికీ ముద్ర కొట్టి, రిజిస్టర్లో ఎక్కించింది. అతనిది మూడోది. చెప్పిన మాట ప్రకారం ఫోన్ చేసింది. భార్య ఎత్తింది.

"మీ ఆయనకు చెప్పమ్మా, కాగితం నమోదైంది. నంబరు రాసుకో."

ఆ అమ్మాయి, "ఆయన నిన్న మధ్యాహ్నం పోయారు మేడం. ఆస్పత్రిలో" అంది.

పెద్దమ్మ చేతిలోంచి ఫోన్ నేను అందుకున్నాను. నేను మాత్రం ఏం చెప్పగలను? పెట్టేశాక చూస్తే ఆవిడ రిజిస్టర్ ముందు అలాగే కూచుని ఉంది. బుధవారం మనిషి పోయాడు. పుస్తకంలో కాగితం గురువారం వచ్చినట్టుంది. సభ్యుడు పోయాక వచ్చిన కాగితం చెల్లదు, అంటే లెక్కప్రకారం ఇల్లు వాళ్ల అన్నకే చెందుతుంది. ఈ పిల్లా, దాని ఎనిమిదేళ్ల కూతురూ బయటికి నడవాలి.

"కొట్టేసి సోమవారం అని రాసెయ్యి పెద్దమ్మా. మన ఇద్దరికీ తప్ప ఎవరికి తెలుసు?" అన్నాను.

"ముందు రెండు, వెనక ఒకటి గురువారానివే ఉన్నాయి. మధ్యలో ఇదొక్కటి సోమవారం ఎలా అవుతుందే? ఒకసారి దిద్దానంటే ఈ పుస్తకంలో ఉన్న నూట నలభై ఇళ్లకూ దిక్కులేదు."

"నూట నలభై సంగతి తర్వాత. ముందు ఈ ఒక్కదాని సంగతి చూడు!" అని అరిచాను.

దిద్దలేదు గానీ, రెండు పేజీల వాంగ్మూలం రాసింది. కాగితం సోమవారమే వచ్చింది, నేను చూశాను, ఆలస్యం నా పద్ధతి వల్ల జరిగింది, సభ్యుడి తప్పేమీ లేదు అని. ఎప్పుడూ ఎవరి మాటా కాగితం కన్నా గొప్పదని ఒప్పుకోని మనిషి, తన మాట ఒప్పుకోమని అడుక్కుంది. కొట్టివేతల్లేకుండా అయిదుసార్లు తిరగరాసింది. చదివి వినిపిస్తుంటే నా కోపం కాస్త చల్లారింది. ఇంత స్పష్టంగా రాస్తే ఎందుకు కాదంటారు అనుకున్నాను.

కమిటీ నా ఫోన్లోనే సమావేశమైంది. పోయినతని అన్న కూడా కాల్లోకి వచ్చాడు. పగబట్టిన మనిషిలా ఏమీ లేడు. మిల్లు పని పోయి, అద్దె ఇంట్లో ముగ్గురు పిల్లలతో ఇరుక్కుని ఉన్నాడు. తల వంచుకుని, "రూలు ఏదుంటే అదే చెయ్యండి" అన్నాడు. అధ్యక్షుడు మర్యాదగానే మాట్లాడాడు. "మీ మాట మీద మాకు అనుమానం లేదు. కానీ మాటలతో ఇళ్లు మారవని మాకు నేర్పింది మీరే కదా మేడం" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే ఆవిడ నేర్పిందే. ఖాళీ చెయ్యడానికి నెల గడువిచ్చారు. సభ్యుడిగా అన్న పేరు ఎక్కించాల్సింది కూడా పెద్దమ్మే. ఎక్కించింది. అక్షరం వంకరపోలేదు. అది చూసి నాకు మళ్లీ చిర్రెత్తుకొచ్చింది.

ఆ రాత్రి కంచం ముందు కూచుని ముద్ద కలుపుతూ, "వాకిట్లో నిలబడే ముద్ర కొట్టి పెట్టెలో పడేస్తే సరిపోయేది కదే" అంది. నేను పెరుగు గిన్నె జరిపాను. ముద్ద అలాగే వదిలేసి లేచింది. మర్నాటి నుంచి వచ్చిన కాగితానికి వచ్చినట్టే గేటు దగ్గర ముద్ర కొడుతోంది, తొడుగులేసుకుని.

నెల తిరిగాక ఆ పిల్ల ఖాళీ చేస్తోందని తెలిసింది. పెద్దమ్మ నాలుగు నెలల తర్వాత మొదటిసారి చెప్పులు తొడిగింది. అంతకుముందు ఆ పిల్ల కాగితాలన్నీ అడిగి తెప్పించుకుని, మూడు రోజులు కూచుని సర్దింది. మరణ ధ్రువపత్రానికి ఆరు నకళ్లు, ఆస్పత్రివి, మిల్లువి, పాప బడివి, దేనికది విడిగా ఒక ఫైల్లో పెట్టి, పైన జాబితా అంటించింది. నేనూ వెంట వెళ్లాను.

వ్యానులోకి మంచం ఎక్కిస్తున్నారు. పాప ఒక బకెట్లో తన పుస్తకాలు మోస్తోంది. ఆ పిల్ల ఫైలు అందుకుని, వీధిలోనే నిలబడి జాబితా మొత్తం చదివింది. కోపంగా లేదు. తిడితే బాగుండునని నాకే అనిపించింది.

"ఇంత పని ఎందుకు పెట్టుకున్నారు మేడం" అంది. ఫైలు మూసి, "ఒకటి అడగనా? ఆయన కాగితం తెచ్చింది సోమవారమే కదా?"

"సోమవారమేనమ్మా."

"మీరు ఆ మాట వాళ్లకు చెప్పారా?"

"చెప్పాను. రాసి కూడా ఇచ్చాను."

"నమ్మలేదా?"

పెద్దమ్మ గోడ పట్టుకుంది. అబద్ధం చెబుతుందేమోనని, ఒక్కసారి చెబితే బాగుండునని చూశాను.

"నమ్మారమ్మా" అంది.