చెప్పి వెళ్ళిన రోజుల్లో బావి నీళ్ళు

నాకు ఆయన మీద మొదటి నుంచీ అనుమానమే. నేను మట్టి, భూగర్భజలాల మీద పనిచేసేదాన్ని. ఆయన చేపలు, రొయ్యల పెంపకం వైపు శాస్త్రవేత్త. కోనసీమలో తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బావులు ఉప్పెక్కడానికి రొయ్యల చెరువులే కారణమని నేను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. కాదు, పోటు సమయంలో సముద్రం, పొలాల నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ల గుండా పైకి వస్తోంది, చెరువుల్ని ఊరికే ఆడిపోసుకుంటున్నారని ఆయన వాదన. మీటింగులో నేను నోరు తెరిస్తే చాలు, ఆయన ఒంటికాలి మీద లేచేవారు. ఆయన మాట్లాడేటప్పుడు నేనూ తక్కువ తినలేదు.

అలాంటి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, కలిసి ఒకే రిపోర్టు రాయమన్నారు పైవాళ్ళు. ఉప్పలగుప్తం దగ్గర ఒక ఊళ్ళో, రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి కొబ్బరితోట వెనకాల కొత్తగా రొయ్యల చెరువు తవ్వుతామని ఎవరో అనుమతి అడిగారు. చుట్టుపక్కల అప్పటికే చెరువులున్నాయి. ఇంకోటి వస్తే ఆవిడ బావికి, తోటకి ముప్పు ఉందో లేదో మేం తేల్చాలి. ఉందంటే చెరువు ఆగుతుంది. లేదంటే ఆవిడ పెరటి గట్టు అవతలే ఉప్పునీళ్ళు నిలబడతాయి.

ఒకరినొకరు నమ్మం కాబట్టి షరతులు రాసుకున్నాం. ఒంటరిగా ఎవరూ ఆ బావి దగ్గరికి వెళ్ళకూడదు. నీళ్ళు రెండు సీసాల్లో పట్టి, రెండింటి మీదా ఇద్దరం సంతకాలు పెట్టాలి. వెళ్ళే తేదీ మూడు రోజుల ముందే హెడ్మిస్ట్రెస్ గారికి ఫోన్లో చెప్పాలి. అన్నిటికన్నా ముందు, ఏ ఫలితం వస్తే నాది తప్పని ఒప్పుకుంటానో ఎవరికి వారు కాగితం మీద రాసి, కవరు అంటించి, అవతలివాళ్ళ చేతికివ్వాలి. ఈ కవరు షరతు ఆయన పెట్టిందే. అందులో ఏదో తిరకాసు ఉంటుందని ఒక రాత్రంతా ఆలోచించి, ఏమీ దొరక్క ఒప్పుకున్నాను.

షరతులు రాసుకోకముందు ఇద్దరం ఊరికే చూసి రావడానికి వెళ్ళిన రోజున బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని మీటరు చూపించింది. ఆ తర్వాత చెప్పి వెళ్ళిన నాలుగుసార్లూ నీళ్ళు మంచివే. మొదటిసారి మీటరు పాడైందనుకున్నాను. రెండోసారి ఆయన మీటరుతో చూశాం, అదే. మూడోసారీ అంతే. అదే తోటలో కొబ్బరిచెట్లు పిందెలు రాల్చేస్తున్నాయి, ఆకుల చివర్లు మాడిపోయి ఉన్నాయి. బావి మాత్రం గోదారి నీళ్ళలా ఎలా ఉంటుంది?

ఎవరు లాభపడుతున్నారో చూసుకుంటే అనుమానం ఆయన మీదికే పోయింది. ఆయన హెడ్మిస్ట్రెస్ గారితో విడిగా మాట్లాడటం, ఆవిడ "ఆయ్, ఆయ్" అంటూ తలూపటం నేను కళ్ళారా చూశాను. నాలుగోసారి బావి గట్టు పక్కన తడి మట్టిలో పైపు లాగిన చార కనిపించింది. సీసాలు మారిస్తే తెలిసేలా మూతల కింద గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టడం మొదలుపెట్టాను. అదే రోజుల్లో ఆయన నా బ్యాగుని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఫోటో తీస్తున్నారని గమనించాను. నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగే నన్ను కాపలా కాస్తున్నాడనుకున్నాను.

వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ మా ఇద్దరికీ బొండాలు కొట్టించి ఇచ్చేవారు. అది కూడా ఆయన నేర్పిన మర్యాదేమోనని అనుమానించాను. అంత దూరం వెళ్ళింది నా బుద్ధి.

చివరికి షరతు నేనే తప్పాను. ఒక ఆదివారం పొద్దున్న, హెడ్మిస్ట్రెస్ గారు చర్చిలో ఉండే వేళ చూసుకుని, అమలాపురంలో ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్ళాను. గేటు తీసేసరికి బావి దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో చేద.

"దొరికేరు సార్!" అన్నాను.

"నేనూ అదే అందామనుకుంటున్నానండీ మేడమ్ గారూ," అన్నారాయన. "మొదటి రోజు నీళ్ళలో మీరేదో కలిపేరని నా అనుమానమండీ. ఇవాళ ఉన్నదున్నట్టు చూద్దామని వచ్చేను."

నేను ఉప్పు కలిపానట! కోపంతో చేద లాక్కుని నేనే నీళ్ళు తోడాను. ఇద్దరి మీటర్లూ ముంచాం. ఉప్పు. మొదటి రోజుకన్నా ఎక్కువ. ఆయన మొహం చూశాను. నటన కాదు, నిజంగానే బిత్తరపోయారు.

అరుగు మీద ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం కూర్చున్నాం. కాసేపటికి హెడ్మిస్ట్రెస్ గారు బైబిలు చేత్తో పట్టుకుని గేటు తీశారు. మమ్మల్ని చూడగానే కంగారుపడ్డారు.

"ఇదేంటండీ, చెప్పకుండా వచ్చేసేరు? ఫోను చేసుంటే నీళ్ళు మార్పించేదాన్ని కదండీ!"

"మార్పించడమేంటండీ?" ఇద్దరం ఒక్కసారే అడిగాం.

"మీరొస్తున్నారంటే ముందు రోజు సాయంత్రం మోటారు పెట్టించి, పాత నీళ్ళు తోడించేసి, కాలవ నీళ్ళు నింపించేదాన్నండీ. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పనిచేసేనండీ. ఇన్‌స్పెక్షనుకి వస్తున్నారంటే గోడలకి సున్నం వేయించి, రికార్డులు సరిచేసి, పిల్లలకి జవాబులు నేర్పించి కూర్చునేవాళ్ళం. బావి మట్టుకు ఉన్నదున్నట్టు ఎలా చూపిస్తానండీ? ఫెయిలని రాసేస్తే, ఉప్పెక్కిన నేల ఎలాగూ పనికిరాదని చెరువాళ్ళకి ఇచ్చేస్తారేమోనని భయమేసిందండీ."

"ఫెయిలైతేనే చెరువు ఆగుతుందండీ!" అన్నారాయన.

"ఆ మాట నాకెవరూ చెప్పలేదు కదండీ," అన్నారావిడ.

నిజమే. మా ఇద్దరి మధ్యా ఎన్నో షరతులు రాసుకున్నాం కానీ, ఆ బావి సొంతదారైన ఆవిడకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ నాలుగు లెక్కలూ అలాగే పైకి పంపి ఉంటే, ఆవిడ తన చేతులతోనే తన తోట వెనకాల చెరువు తవ్వించుకుని ఉండేవారు.

ఫోను షరతు కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. చెప్పకుండా, పోటు రోజుల్లో ఒకసారి, చెరువులు ఎండగట్టిన నెలలో ఒకసారి, అలా ఏడాదిపాటు వెళ్ళాం. ఆఖర్న కవర్లు విప్పాం. 'చుట్టూ చెరువులు ఎండినా బావి ఉప్పగానే ఉంటే నాది తప్పు' అని నా చేతిరాతతోనే ఉంది. అలాగే ఉంది బావి. అమావాస్యకీ పౌర్ణమికీ డ్రెయిన్లో పోటు వచ్చినప్పుడల్లా ఉప్పు పెరిగింది కూడా. ఆయన చెప్పిందే నిజమైంది. నాకు చాలా కష్టంగా అనిపించింది, ఎందుకు దాచాలి? ఇక చెరువుకి అడ్డేమీ లేదని రాసేస్తారని ఎదురుచూశాను.

రిపోర్టు ఆయనే రాసి తెచ్చారు. డ్రెయిను నుంచి ఇప్పటికే ఉప్పెక్కుతున్న ఈ నేలలో మరో ఉప్పునీటి చెరువు వద్దు అని ఉంది. మూడుసార్లు చదివాను.

"తిరకాసు వెతుకుతున్నారాండీ?" అన్నారు.

"ఆయ్," అన్నాను. దొరకలేదు. సంతకం పెట్టాను.

ఆ మాట చెప్పడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. "నా బావి పాసైందాండీ?" అని అడిగారు హెడ్మిస్ట్రెస్ గారు.

"ఫెయిలైందండీ. చెరువు రాదండీ," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి, ఈసారి బొండాలు కాదు, రెండు గ్లాసులతో బావి నీళ్ళు తెచ్చారు. "ఇన్నాళ్ళూ ఇవి ఇవ్వడానికి మొహం చెల్లలేదండీ," అన్నారు.

నేను గ్లాసు పట్టుకుని ఆయన వైపు చూశాను, ముందు ఆయన తాగుతారేమోనని. ఆయన నా గ్లాసు వైపు చూస్తున్నారు.

"ఇద్దరూ ఒకేసారి తాగండి," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, బళ్ళో పిల్లలతో అన్నట్టు.

ఒకేసారి తాగాం. ఉప్పగానే ఉన్నాయి.