సాయన్న నమ్మిన ఇంగ్లీషు మెప్పు

నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో ఒక మూడంతస్తుల లాడ్జి ఉంది. దానికి యజమాని రాధాకృష్ణమూర్తి. కానీ వంటగది ఎవరిదని గల్లీలో కుక్కనడిగినా సాయన్నదనే చెబుతుంది. మెదక్ దిక్కు నుంచి మట్టిపనికి వచ్చిన మనిషి గరిటె పట్టి పందొమ్మిదేళ్లయింది.

సాయన్నకు చదువు రాదు. ఇంగ్లీషు మాత్రం కొంచెం వచ్చు, అదీ మెప్పుల ఇంగ్లీషు. బస చేసి వెళ్లినవాళ్లు ఫోన్లో రాసిపోయే మాటలను రిసెప్షన్‌లో కూర్చునే సునంద చదివి వినిపించేది. వాటికి అతను తన కొలతలు తాను పెట్టుకున్నాడు. 'నైస్' అంటే ఉప్పు సరిపోయింది. 'సూపర్' అంటే మారు వడ్డించుకున్నారు. 'అమేజింగ్' అంటే కంచం నాకేశారు.

"గట్ల గాదు సాయన్నా, ఇంగ్లీషుల గోరంతను కొండంత చేసుడు మామూలే," అని సునంద నవ్వేది. సాయన్న వింటేగా! పనిగట్టుకుని అంత పెద్ద మాట రాసినవాడు ఊరికే రాస్తాడా? పాపం, అంత అమాయకుడు.

ఆషాఢంలో ప్రణయ్ అనే కుర్రాడు దిగాడు. అబిడ్స్‌లో ఏదో కంపెనీలో పదిహేను రోజుల ట్రైనింగ్. మూడో రోజుకే జ్వరం పట్టుకుంది. సాయన్న పూటపూటా మెత్తటి పెసరపప్పు కిచిడీ వండి గదికి మోశాడు, లేవలేనప్పుడు ముద్ద కలిపి నోటికందించాడు, ఆటోలో దవాఖానకు తోడు వెళ్లాడు. ఎవరూ చెయ్యమనలేదు. జ్వరం దిగిన రోజు ప్రణయ్ అతని చేతులు పట్టుకుని, "అమేజింగ్ అంకుల్! ఇంత మంచి ఫుడ్ లైఫ్‌ల తినలే. మీరు నా లైఫ్‌సేవర్," అన్నాడు. ఆ కొత్త మాటకు అర్థమేమిటో సునంద చెప్పాక సాయన్న కాళ్లు వారం రోజులు నేల మీద ఆనలేదు.

ప్రణయ్ వెళ్లిన నాలుగో రోజు, శనివారం పొద్దున, మూర్తి సారు మాడిన ముఖంతో వంటగదిలోకి వచ్చాడు. సునందను పిలిచి ఫోన్ చేతికిచ్చి చదవమన్నాడు. రాసింది ప్రణయే. వంట హారిబుల్, డిస్గస్టింగ్, జన్మలో తినని చెత్త, ఆ తిండి తిని చావు అంచు దాకా వెళ్లొచ్చానని. సునంద ఒక్కొక్క మాటకూ తలవంచుకుని అర్థం చెప్పింది.

"సోమవారంలోగా ఇది తీసేయించు. లేకపోతే వంటగది కాంట్రాక్టుకిచ్చేస్తాను," అని సారు వెళ్లిపోయాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను సాయన్న చూడకపోలేదు. ఈ పిల్లవాడు అలాంటివాడంటే మాత్రం నమ్మలేకపోయాడు. వేరే లాడ్జికి రాయబోయి ఇక్కడ రాశాడేమో అనుకుంటూ ఫోన్ చేశాడు.

"అయ్యో, అది మీ మీద కాదంకుల్," అన్నాడు ప్రణయ్. "రూంల ఏసీ నడవలే. ఉత్త ఏసీ అంటే బుకింగోళ్లు పట్టించుకోరు. తిండితోని చావుకొచ్చిందని రాస్తేనే పైసలు వాపస్ ఇస్తరు. ఇంగ్లీషుల అందరు గట్లనే రాస్తరు, ఎవరు సీరియస్‌గ తీస్కోరు."

"నా పని పోతున్నది బిడ్డా. జర తీసెయ్యి."

"ఇప్పుడు తీస్తే నాదే అబద్ధమైతది గద. పైసలు వాపస్ వచ్చేదాంక ఒక్క నెల ఆగుండ్రి."

చేతిలో ఉన్నవి రెండు రోజులు. అయినా సాయన్న నోట మళ్లీ పని మాట రాలేదు.

"అసహ్యమన్నది ఉత్తదే అంటున్నవ్. మరి అమేజింగ్ అన్నది?"

"మీరు మస్తు ఫీలైతున్నరంకుల్."

"నిజం చెప్పు బిడ్డా. ఆ కిచిడీ ఎట్లుండె?"



"జ్వరంల తిన్న గద అంకుల్. గుర్తు లేదు."

సాయన్నకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్లుగా విన్న సూపర్లూ నైసులూ కూడా కొట్టుకుపోయాయి. పొయ్యి ఆర్పి, తాళంచెవి తీసుకుని మూర్తి సారు గదికి మెట్లెక్కాడు. సోమవారం దాకా ఆగనక్కరలేదని చెప్పాడు.

సారు నిజంగానే నొచ్చుకున్నాడు. "నీలాంటి వంటవాడు ఈ హైదరాబాదులోనే లేడు సాయన్నా. ఏం చేయను?"

"నిన్న మీకు ఏం కూర పంపిన సారూ?" అని అడిగాడు సాయన్న.

సారు ఇంకా ఆలోచిస్తుండగానే తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు.